జోడు కుదరని పడవలు

మన ఊరు, నవీపేట్ దగ్గర
ఫిబ్రవరి 1971

బొంబాయిలో ఉన్న తమ్ముడు లక్ష్మీరాజానికి, పొద్దుటి దీపం ఇంకా వెలుగుతుండగా అక్క రాస్తున్నది.

నిన్నటి పొద్దు రోజూ లాంటిదే. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గు వేశాను. గోడ గూటిలో నాయనమ్మ నిలిపిన రాతి లక్ష్మికి మందారం పెట్టాను. మీ అన్న ముత్తన్న బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి కడుతూ ఎద్దును దాని తాతతో సహా తిడుతున్నాడు. అప్పుడే పోచంపాడ్ డ్యామ్ కొలతల మనిషి వచ్చి, మన వాకిట్లో వెదురు బొంగు పాతి, కొసన ఎర్రబట్ట కట్టాడు. నీళ్లు అంతదాకా నిలుస్తాయట. మన ఇంటి కప్పు దానికి చాలా కింద ఉంది.

"దేవుని గూడు ముంగటనా పాతుడు? ఇంకో జాగ దొరకలేదా?" అని ముత్తన్న లేచాడు.

"యాడ పాతినా నీళ్లు గంతే ఎత్తుల ఉంటయి పటేలా," అన్నాడతను.

మిట్ట మీద వేరే జాగా ఇస్తారట. ముత్తన్న పిల్లలతో అక్కడికి పోతాడు. నిలిపిన దేవిని కదపరాదని నీకు తెలుసు. పాలసముద్రంలో పుట్టిన తల్లికి నీళ్లు కొత్త కాదు. ఆమెను విడిచి ఉండటం నాకు కొత్త. ఎక్కడ ఉండాలో నీ మాట రాయి.

నీ పేరున పువ్వు పెట్టే అక్క,
శంకరమ్మ

తా.క. కొలతల మనిషికి మజ్జిగ ఇచ్చాను. ఎర్రబట్టను రెండు వేళ్లు కిందికి జరిపి కట్టి పోయాడు.

*

బొంబాయి

అక్కా, నీ ఉత్తరం చదివి కంచం ముందు కూర్చోలేకపోయిన తమ్ముడి దండాలు.

ఇల్లు మునిగితే మునగనీ, ఇంటి మీద ఉందాం! నేను గుమాస్తాగా ఉన్న పడవల షెడ్డుకు ఒక పార్సీ సేఠ్ తన పాత తెరచాప పడవలు రెండు అమ్మకానికి తెచ్చాడు. రెండూ సముద్రం మీద రోజుల తరబడి తిరిగినవే. లోపల పడకలు, పొయ్యి ఉన్నాయి.

చిన్నది ఇరవై అడుగులు. తెరచాప నేనొక్కడినే ఎత్తగలను. నడుము లోతు నీళ్లున్నా తేలుతుంది. కాని లోపల వంగి నడవాలి. ఇద్దరు పడుకుంటే మూడోవాడు ఊపిరి బిగబట్టుకోవాలి. పెద్దది ముప్పై అయిదు అడుగులు. నిలబడి వంట చేసుకోవచ్చు, గాలివానకు జంకదు. కాని నడపడానికి ముగ్గురు కావాలి. నిలువెత్తు నీళ్లు లేకుంటే అడుగు నేలకు తగులుతుంది. నేనూ పని మానుకొని వచ్చి నీతోనే ఉంటాను. ఏది కొనాలో చెప్పు.

తమ్ముడు,
లక్ష్మీరాజం

తా.క. పెద్దదానిలో మరుగుదొడ్డి ఉంది. మన ఊళ్లో ఎవరింట్లో ఉంది చెప్పు?

*

తమ్ముడికి, అరుగు మీద అందరి నడుమ కూర్చొని అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం పైకి చదివాను. ముత్తన్న తల పట్టుకున్నాడు.

"నాకు సమజ్ అయితలేదక్కా. ఇర్వై అడుగులదాన్ని, ముప్పై అయిదు అడుగులదాన్ని ఒక్క కాడికి ఎట్ల కడ్తడు? జోడు కుదరాలె గద! పెద్దది గుంజుతది, సిన్నది ఎనుకవడ్తది. తిరిగిన కాన్నే తిరుగుతయి."

నాకూ న్యాయంగానే తోచింది. సమానమైనది ఇంకోటి ఉందేమో సేఠ్‌ను అడుగు.

నీ క్షేమం కోరే,
శంకరమ్మ

తా.క. ముత్తన్న పళ్లు చూసి కొనమంటున్నాడు. పడవకు పళ్లుండవని చెప్పాను. "గందుకే అమ్ముతున్నడు," అన్నాడు.

*

అక్కా, తల గోడకు కొట్టుకోబోయి ఆగిన తమ్ముడి దండాలు.

జోడు కాదు! ఒక్కటే కొంటాం. పడవను ఎవరూ కాడికి కట్టరు, గాలే నడుపుతుంది. రెండోది మనకెందుకు? అన్నకు నెమ్మదిగా చెప్పు.

లక్ష్మీరాజం

తా.క. వాకిలి ఏ దిక్కు అని అడుగుతావు. గాలి ఎటుంటే అటు.

*

తమ్ముడికి, ఇంట్లో శాంతి కోసం జపం చేసి లేచిన అక్క రాస్తున్నది.

నీ ఉత్తరంతో అనుమానం పెరిగింది. నవీపేట్ సంతలో "ఒక్కటే తీస్కో, రెండోది నీకెందుకు" అనేవాడు దళారియేనట. "తమ్ముడు బొంబాయి పోయి దళారయిండు" అని ముత్తన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట తిని, వడ్రంగి ఆత్మారాంతో తుమ్మకర్ర కాడి చెక్కించాడు. మన వాకిట్లో పట్టక ఒక కొస పక్కింటి భూమవ్వ పెరట్లో ఉంది. ఆమె దాని మీద చీరలు ఆరేస్తున్నది.

రెండింటినీ కట్టి నడిపి చూపమను. నడక చూడకుండా ఎవరు కొంటారు?

శంకరమ్మ

తా.క. కాడికి పసుపు రాశాను. రైలుకు వేయమంటావా?

*

అక్కా, దళారి కాని తమ్ముడి దండాలు.

మీ మాట చెబితే సేఠ్ కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, సరే కట్టండన్నాడు. రెండు పడవల మధ్య దుంగలు బిగించి తెరచాపలు ఎత్తాం. అన్న అన్నదే అయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుడు! ఒడ్డున జనం చాయ్ తాగుతూ చూశారు.

ఇప్పటికైనా నమ్ము, జోడు పనికిరాదు. చిన్నదా, పెద్దదా, ఒక్క మాట రాయి. సేఠ్ ఇంకెన్నాళ్లో ఆగడు. ఇది తప్పితే నిన్ను ఆ గూటి దగ్గర ఉంచే దారి నాకు తోచదు.

లక్ష్మీరాజం

తా.క. సేఠ్‌కు వాంతులయ్యాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సముద్రం మీద ఉన్న మనిషి.

*

తమ్ముడికి, మనసు కుదుటపడిన అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే అందరం వాకిట్లో కూర్చున్నాం.

"తిరిగిన కాన్నే తిరుగుతయన్ననా లేదా?" అని ముత్తన్న ఊరంతా వినేటట్టు అడిగాడు.

"గెల్సినవ్ తియ్యి," అన్నది అతని భార్య రేణుకమ్మ. "గిప్పుడు అక్క యాడ ఉండాలె?"

అందరూ నా దిక్కు చూశారు. నేను చెప్పింది ఇంతే. ముందుకు పోయి ఏం చేస్తాం? మనకు కావలసింది ఇల్లు విడువకుండా ఉండటమే కదా. గూడు గోడలో ఉన్నది, గోడ వెనుక భూమవ్వ కొట్టం ఉన్నది. ఈ వయసు వచ్చినా దేవి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయలేకపోయాను. నీళ్లు నిండితే గోడ అడ్డం రాదు, కొట్టమూ రాదు.

ముత్తన్న లేచి కాడిని ఒకసారి తట్టి చూశాడు. తర్వాత అందరం ఒక్క మాట మీదికి వచ్చాం. ముత్తన్న వాళ్లు మిట్ట మీదికి పోతారు. నువ్వూ నేనూ గూటి పైన ఉంటాం. రెండు పడవలూ తీసుకో. జోడు కుదరనివే కావాలి. పెద్దదాన్ని ఎడమ దిక్కు కట్టు, అప్పుడే కుడికి తిరుగుతాయి. ఎడమకు తిరిగితే నేను ఎక్కను.

నీ రాక కోసం చూసే అక్క,
శంకరమ్మ

తా.క. ఎండాకాలం నీళ్లు తగ్గి పడవలు మన కప్పు మీద కూర్చుంటే ఎట్లా అన్నదీ ఆ సాయంత్రమే తేల్చాం. అటు నుంచి అటే ఇంట్లోకి దిగుతాం. ముత్తన్న పెంకులు తీసి నిచ్చెన వేస్తున్నాడు.