అద్దపు గోడ

పిన్నీ,

ఆ పాప బతికింది. ముందు ఆ మాట చెప్పి, తర్వాత మిగతాది రాస్తున్నాను.

కొత్త అత్యవసర సేవల కేంద్రం ప్లానులో, ఫోన్లు ఎత్తేవాళ్లకూ అంబులెన్సులు పంపేవాళ్లకూ మధ్య నేను గీసిన అద్దపు గోడ నీకు నచ్చలేదు. "చప్పుడు తగ్గుతుంది పిన్నీ" అన్నాను. "చప్పుడు సంగతి సరేరా, కేక వినపడొద్దూ? ఇరవై ఏళ్లు ఆ ఫోన్ల ముందు కూర్చున్నదాన్ని చెబుతున్నా" అన్నావు.

మొన్న కేంద్రం తెరిచిన గంటకే, అటూ ఇటూ కబురు చేర్చే కంప్యూటర్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే నీళ్ల తొట్టిలో పడిన నాలుగేళ్ల పాప కోసం ఫోన్ వచ్చింది. ఫోన్ ఎత్తినావిడ లేచి నిలబడి, వీధి పేరు కేకేసి చెప్పింది.

"బండి కదిలిందమ్మా! నువ్వు ఆ తల్లిని వదలకు, మాట్లాడుతూనే ఉండు!" అని అవతలి బల్ల దగ్గర్నుంచి అంబులెన్సులు పంపే పెద్దాయన అరిచాడు. బండి ఆరు నిమిషాల్లో చేరింది. పాప నిన్న ఇంటికి వెళ్లింది.

నీ మాట విని గోడ మానేశానని అందరూ మెచ్చుకుంటున్నారు. నిజానికి నేను వినలేదు. అద్దాలు రావడం ఆలస్యమైంది, అంతే. వచ్చుంటే, తెరవకముందు ఆదివారమే బిగించేవాళ్లం.

ఇవాళ అద్దాలు వద్దని రాసి పంపి, ప్లానులో ఆ గీత కొట్టేశాను. దిద్దిన తేదీ దగ్గర, నువ్వు గోడ వద్దన్న రోజు వేస్తే అప్పుడే మార్చినట్టు ఉంటుందని మా పెద్దసారు సలహా ఇచ్చారు. నేను ఇవాళ్టి తేదీయే వేశాను.

నీ అక్క కొడుకు