గోడకెక్కని అత్త ఫోటో

డిసెంబరు 27, ఆక్లండ్

ఈరోజు నుంచి ప్రయాణాల్లో కెమెరా సామాను ఒక్కటి కూడా మర్చిపోను. ఫోన్‌తో ఒక్క ఫోటో కూడా తీయను. కొత్త సంవత్సరం దాకా ఆగి ఒట్లు పెట్టుకునేది బలహీనులు. నేను ముందే మొదలుపెట్టాను.

కారణం ఉంది. తూర్పు తీరాన మా ఊళ్లో రాహేరా అత్తకి ముప్ఫయ్యో తారీఖున ఎనభై ఎనిమిదేళ్లు నిండుతాయి. మా నాన్నకి అక్క. పొద్దున్నే ఫోన్ చేసింది. పలకరింపులు ఆవిడకి అలవాటు లేదు.

"ఒరేయ్ హోహేపా, ఆ పెద్ద కెమెరా ఇంకా ఉందా, పారేశావా?"

"ఉందత్తా."

"అయితే పట్రా. గోడకి పెట్టేందుకు నా ఫోటో ఒకటి తీద్దువుగాని. ఉత్త కెమెరా పట్టుకొచ్చేవు. దాన్లో పెట్టేవన్నీ పట్రా. నీ సంగతి నాకు తెలుసు."

గోడంటే మా పెద్దింటి గోడ. ఊరంతా చుట్టాలమే, అందరికీ కలిపి ఒకటే పెద్దిల్లు. పోయినవాళ్ల ఫోటోలు అక్కడ వరసగా ఉంటాయి. బతికున్నవాళ్లవి పెట్టరు. ఒకసారి ఎక్కితే ఇక దిగడమంటూ ఉండదు, మునిమనవలు కూడా వచ్చి చూస్తారు. మా చిన్నత్త వికిటోరియా పోయినప్పుడు సరైన ఫోటో దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన గుంపు ఫోటోలోంచి ఆవిడ ముఖం కత్తిరించి పెట్టారు. భుజం మీద ఎవరిదో మోచెయ్యి, బుగ్గలో కేకు. ఏళ్ల తరబడి ఆవిడ అలా నములుతూనే ఉంది. రాహేరా అత్త భయమంతా అదే.

ఆ ఘనకార్యం పిరిపి ఫోన్‌ది. పిరిపి రాహేరా అత్త కొడుకు, నాకు బావ. వేలు అడ్డం రాకుండా అతను తీసిన ఫోటో నేనింతవరకు చూడలేదు.

సంచి సర్దాను. నా భార్య ఎరానా తలుపు దగ్గర నిలబడి చూసింది.

"రెండుసార్లు చూసుకో."

"ఇన్నేళ్లుగా ఫోటోలు తీస్తున్నవాడికి చెప్పే మాటేనా ఇది?"

"ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టే చెప్తున్నా."

రోటొరువా వెళ్లినప్పుడు లెన్సు, మేనల్లుడి పెళ్లిలో బ్యాటరీ మర్చిపోయాను. అవి పాత సంగతులు. మనిషన్నాక మారడా?

డిసెంబరు 28, దారిలో

ఎండ బాగుంది. నా మనసు ఇంకా బాగుంది.

సముద్రం పక్కన కారు ఆపాం. పర్యాటకులు ఓ ఇరవైమంది, అందరూ సముద్రానికి వీపు పెట్టి, కర్ర చివర ఫోన్ పెట్టి, తమ పళ్లని తామే ఫోటో తీసుకుంటున్నారు. అంత దూరం నుంచి వచ్చింది పళ్లు చూసుకోవడానికా? నేను మాత్రం వెలుతురు మారేదాకా ఓపిగ్గా ఆగాను. ఎరానా కారులో కూర్చుని తన మాంసం పెట్టిన రొట్టెతోపాటు నాదీ తినేసింది.

ఒపోటికిలో పెట్రోలు పోయిస్తుంటే గుర్తొచ్చింది. ఛార్జర్ ఇంట్లో, వంటింటి ప్లగ్గుకే ఉంది. రెండో బ్యాటరీ దాన్లోనే ఉంది. నిండుగా ఎక్కాలని నేనే పెట్టాను. అంటే ఇది మరుపు కాదు, అతి జాగ్రత్త.

మందుల షాపులో ఫోటో సామాను కూడా అమ్ముతారు. కౌంటరు దగ్గరి అమ్మాయి నా కెమెరాని రెండు చేతులతో తీసుకుని చూసింది.

"మా తాతయ్య దగ్గర ఉండేదండీ ఇలాంటిది," అంది.

ఛార్జర్ లేదట. ఫర్వాలేదు, కెమెరాలో ఉన్న బ్యాటరీ ముప్పావు వంతు ఉంది. అసలైన ఫోటోగ్రాఫరు ఊరికే టకటకా నొక్కడు.

డిసెంబరు 29, ఊళ్లో

మధ్యాహ్నానికి అత్త తయారై కూర్చుంది. నల్లగౌను, మెడలో పచ్చరాయి, పెదాలకి రంగు. కుర్చీ పెద్దింటి వరండాలో వేయించుకుంది. లోపల ఆ ఫోటోల గోడ దగ్గరైతే వెలుతురు ఇంకా బాగా పడుతుందన్నాను. అక్కడున్న ముసలివాళ్లంతా మాటలాపి నన్ను చూశారు.

"పోయినవాళ్ల వరసలో నన్ను కూర్చోబెడతావేంట్రా?" అంది అత్త. "నాకంత తొందరేం లేదు."

సరే, వరండాయే. మూడుకాళ్ల ట్రైపాడ్ గర్వంగా విప్పాను. దాన్నీ కెమెరానీ కలిపే చిన్న బిళ్ల లేదు. ఇంట్లో పాత కెమెరా అడుగున ఉండిపోయింది. ట్రైపాడ్ ఎంత, బిళ్ల ఎంత? అంత పెద్దది గుర్తుపెట్టుకుని తెచ్చినందుకు ఎవ్వరూ మెచ్చుకోలేదు.

లోపలికెళ్లి ఓ దిండు తెచ్చి, బల్ల మీద వేసి, దాని మీద కెమెరా పెట్టాను. చక్కగా కుదిరింది.

తల పెట్టుకునే దిండు మీద ఇంకేదీ పెట్టకూడదని మావాళ్లలో పాకే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ నిమిషంలో తట్టలేదు, అంతే.

అత్త కుర్చీలోంచి లేచింది.

"ఆక్లండ్‌లో దిండ్లు దేనికి వాడతార్రా? కూరలు తరుక్కోడానికా?"

ఫోటో లేదు. ఊరందరి పళ్లాలూ కడిగే పని నాకు పడింది. పిరిపి నా నడుముకి దగ్గరుండి ఏప్రాన్ కట్టి, ఫోన్‌తో ఫోటో తీశాడు. వేలు పడింది. ఆ ఒక్కటే సంతోషం.

డిసెంబరు 30

పుట్టినరోజు. ఇది నా రోజు.

ఎవరికోసమూ ఆగలేదు. నేలలో తవ్విన పొయ్యిలోంచి పందిమాంసం, చిలగడదుంపలు పైకి తీస్తుంటే ఆవిరిలో అత్త ముఖం. ఈకల శాలువా కప్పుకుని అత్త. పాట పాడుతూ అత్త. పాట మధ్యలో ఆపి శ్రుతి తప్పినవాళ్లని తిడుతూ అత్త. మోకాళ్ల మీద కూర్చున్నాను, పడుకున్నాను, కంచె ఎక్కాను. పిరిపి లాంటివాళ్లు ఫోన్‌లు ఎత్తి పట్టుకుని నా ముందు అడ్డం తిరుగుతుంటే జాలి పడ్డాను.

సాయంత్రం అందరూ చుట్టూ చేరారు. చూపించమన్నారు. బొత్తం నొక్కాను.

కార్డు లేదు.

కెమెరా ఆ మాట పొద్దుట్నుంచీ తెర మూల చిన్న అక్షరాల్లో చెబుతూనే ఉందట. నేను మూలలు చూసే మనిషిని కాను. ఫోటోలు పడే ఆ కార్డు ఇంట్లో, కంప్యూటర్‌లో ఉంది. కార్డు లేకపోయినా టక్కుమనే కెమెరాని తయారుచేసినవాడు ఎవడో గానీ వాడికి మేనత్త ఉండి ఉండదు.

"అయితే బామ్మర్దీ, పొద్దుట్నుంచీ మా చేత పళ్లు బయటపెట్టించింది దేనికి?" అన్నాడు పిరిపి. "గాలి తగలడానికా?"

అత్త నవ్వలేదు. శాలువా విప్పి మడత పెట్టించింది.

"ఫోటో దిగేదాకా నేనెక్కడికీ పోను. వికిటోరియాలా నములుతూ వేలాడ్డం నావల్ల కాదు."

బ్యాటరీలో ఇక ఒక్క గీతే మిగిలింది. గాలిని ఫోటో తీసినా ఖర్చు ఖర్చే.

డిసెంబరు 31

ఫోన్‌తో తీయనని ఒట్టు పెట్టుకున్నది మనుషుల విషయంలో. పెద్ద రొయ్య మనిషి కాదు. పళ్లెంలో ఎర్రగా మెరుస్తుంటే ఒక్కటి తీశాను. తర్వాత ఇంకొకటి. కుక్క కూడా మనిషి కాదు.

ఎరానా చూసింది. "ఏమీ అనను," అంది. అనకపోవడమే ఎక్కువ.

నాలుగింటికి సిగ్గు విడిచి అత్త దగ్గరికి వెళ్లాను.

"అత్తా, ఈ కొత్త ఫోన్ కెమెరా కూడా ఏం తీసిపోదు. ఒక్కటి..."

అత్త పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"వికిటోరియాని తీసినప్పుడు పిరిపి కూడా అదే అన్నాడు," అంది పేపరు వెనకనుంచి.

ఒట్టు మీద నిలబడ్డది ఊళ్లో ఆవిడొక్కతే. అదీ నా ఒట్టు మీద.

జనవరి 1

వాన. ఊరంతా కొత్త ఒట్లు. పిరిపి సిగరెట్లు మానేశాడట. భోజనాల వేళకి పడవల కొట్టం వెనక దొరికాడు, చేతిలో సిగరెట్టుతో. ఆ సంతోషం పట్టలేక నాలుగు మాటలందామని దగ్గరికి వెళ్లాను.

"నవ్వుకో," అన్నాడు. "నవంబరులో అమ్మని గిస్‌బోర్న్‌లో డాక్టరుకి చూపించాను. గుండె. జూన్‌లో వచ్చే చలికాలం దాటడం కష్టమేనన్నాడు. అమ్మకి తెలుసు. ఎవరికీ చెప్పొద్దంది. అందుకే నీకు ఫోన్ చేసింది, నీ ముఖం చూడాలని కాదు."

వానలో నిలబడ్డాం.

"తొందరగా ఆ ఫోటో తగలెయ్, బామ్మర్దీ. అదొక్కటే దిగులు ఆవిడకి."

అతని ట్రక్కు అద్దం దగ్గర, దారిని ఫోటో తీసే చిన్న కెమెరా ఒకటుంది. దాన్లోంచి గోరంత కార్డు ఊడదీసి ఇచ్చాడు. నా కెమెరాలో పట్టేలా దానికో తొడుగు కూడా వెతికి ఇచ్చాడు. వేలు అడ్డం పెట్టేవాడి దగ్గర అన్నీ ఉన్నాయి. వేళ్లు సరిగ్గా పెట్టేవాడి దగ్గర ఏమీ లేదు. ఇంతకంటే నన్ను నేను తిట్టుకోవడం రాదు.

జనవరి 2

వాన వెలిసింది. పిరిపి సముద్రంలో మునకలేసి రొయ్యలు పట్టడానికి వెళ్లాడు. ఎరానా వంటింట్లో. వరండాలో అత్త, నేను.

బ్యాటరీ గీత ఎర్రగా ఉంది.

"ఒక్కటే వస్తుందేమో అత్తా."

"చాలు. నాకున్నది ఒక ముఖమే."

లెన్సు మూత తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ట్రైపాడ్ లేదు, దిండు లేదు. ఊపిరి బిగబట్టి నొక్కాను. తెర మీద ఒక్క క్షణం కనబడింది. కెమెరా ఆరిపోయింది.

ఆ ఒక్క క్షణం చాలు. అత్త సూటిగా చూస్తోంది, వీడు ఇప్పుడేం పాడుచేస్తాడో చూద్దాం అన్నట్టు. పచ్చరాయి మీద వెలుతురు. నా జన్మలో ఇంత మంచి ఫోటో తీయలేదు, ఇక తీయను కూడా.

"వచ్చిందా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అత్త వెనక్కి వాలింది. ఒళ్లో బిగించుకున్న చేతులు వదులయ్యాయి. రెండు చేతుల్లోని సంచుల్ని ఇంటి గడపలో దించినట్టు నిట్టూర్చింది.

"అయితే ఇక నాకు పనేం లేదు."

భయం వేసింది. చిన్నప్పుడు చీకట్లో వేసినట్టు వేసింది.

"మూత తీయలేదత్తా," అన్నాను. "ఏమీ పడలేదు."

మూత తీయకుండా నొక్కబోతే తెరంతా నల్లగా కనబడుతుందని పిరిపికి తెలుసు. అతనక్కడ లేడు. మూత మాత్రం నా జేబులోంచి సగం బయటికి తొంగి చూస్తోంది. అత్త దానివైపు చూసింది. నావైపు చూసింది. మళ్లీ దానివైపు.

"మీ నాన్న కూడా నీకంటే నయం," అంది.

"అవునత్తా."

"ఈస్టర్‌కి వస్తావా?"

"వస్తాను."

"అప్పుడు కూడా ఏదో ఒకటి మర్చిపోతావుగా?"

"మర్చిపోతానత్తా."

అత్త కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుంది. "సరే. నువ్వు పనివాడివయ్యేదాకా నేనుండక తప్పేట్టు లేదు. టీ పెట్టమను మీ ఆవిడని."

జనవరి 3, ఆక్లండ్

వంటింటి ప్లగ్గులో ఛార్జర్ పచ్చగా వెలుగుతోంది. వారం నుంచీ ఎవరికోసం వెలుగుతోందో.

ఫోటో ఎరానాకి చూపించాను. చాలాసేపు చూసి, "దీన్ని దాచుకుని ఊళ్లో అందరిచేతా దద్దమ్మ అనిపించుకున్నావా?" అంది. ముక్కు తుడుచుకుని ఆవిడా దద్దమ్మ అంది.

పెద్దదిగా అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, బీరువాలో పెట్టాలి. పిరిపికి ఫోన్ చేసి చెప్పాను, అవసరమైన రోజున ఉంటుందని. అటునుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

ఏప్రిల్ 1

నిన్న అత్త ఫోన్. గొంతు కాస్త సన్నబడింది, తిట్లు సన్నబడలేదు.

"అన్నీ సర్దావా?"

"ఈసారి ఒక్కటి కూడా మర్చిపోనత్తా."

"ఎప్పుడూ అదే కూస్తావు," అంది. ఇంత సంతోషంగా ఆవిడ నన్నెప్పుడూ తిట్టలేదు.

రేపు ప్రయాణం. ఈరోజు నుంచి కొత్త ఒట్టు. తూర్పు తీరానికి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పకుండా మర్చిపోవాలి. ఈస్టర్‌కి ట్రైపాడ్ బిళ్ల. చలికాలంలో వెళ్లినప్పుడు కార్డు. ఆ తర్వాత పుట్టినరోజుకి ఛార్జర్. లెన్సులున్నాయి, బ్యాటరీలున్నాయి, మూతలున్నాయి, చాలా ఏళ్లకి సరిపడా సామానుంది నా దగ్గర.

బిళ్లని వంటింటి కిటికీలో పెట్టాను. కానీ నా సంగతి నాకు తెలుసు, పెట్టుకున్న ఒట్టు ఒక్కటీ నిలబెట్టుకున్నవాణ్ణి కాను. పొరపాటున సంచిలో వేసేసుకున్నా వేసేసుకుంటాను. పొద్దున్న బయల్దేరేముందు అది అక్కడే ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి.