పైవాలు ఇరవై చెట్లు

మార్చి 4
అడవిలో చెట్ల మీద పరిశోధన చేసే మేడమ్ మళ్ళీ ఖాళీ షీట్లు ఇచ్చింది. పాతవి బీరువాలోంచి బయటికి రావు. పాత అంకె కళ్ళముందుంటే చెయ్యి అదే రాస్తుందట. ప్రతి మంగళవారం ఇదే తంతు. చెట్టు నడుముకి స్టీలు పట్టీ, దానికో స్ప్రింగు. చెట్టు లావైతే పట్టీ చివర గ్యాప్ పెరుగుతుంది. ఆ గ్యాప్ కొలిచి రాయాలి. నూట ఇరవై చెట్లు. తొమ్మిదితో బడి మానేసినవాడికి ఇంతకంటే ఏం కావాలి అంటుంది వదిన. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోలేనివాడికి అడవే దిక్కు అంటాడు అన్న.

మార్చి 18
కొండ పైవాలు ఎక్కలేదు. చివరి ఇరవై చెట్లు అక్కడే. గంట ఎక్కుడు, గంట దిగుడు. పోయినసారి అంకెలు నాకు నోటికొచ్చు. ఎక్కాలు రాలేదుగానీ ఇవి వచ్చాయి. ఒక్కోదానికి కాస్త కలిపి రాసేశాను. చెట్టన్నాక పెరుగుతుంది కదా.

మార్చి 25
ఇవాళా అంతే.

ఏప్రిల్ 22
వాన లేదు. కింది చెట్లు ఆకులు దులుపుకుంటున్నాయి. పైవాలు వైపు చూడనైనా లేదు.

మే 6
మేడమ్ కంప్యూటర్లో గ్రాఫ్ చూపించింది. కింది వంద చెట్ల గీతలు దిగిపోతున్నాయి. నీళ్ళు లేకపోతే చెట్టూ మనిషిలాగే చిక్కిపోతుందట. కింద గ్యాప్ తగ్గుతుంటే పట్టీల లోపమనుకున్నాను. ఈ సంగతి నాకెవరు చెప్పారు? పైవాలు ఇరవై మాత్రం పైపైకి. అక్కడ భూమిలో నీరుంది, అవే ఈ అడవిని నిలబెడతాయి అంది మేడమ్. నా భుజం తట్టింది.

మే 9
ఎవరూ చెప్పకుండానే పైవాలు ఎక్కాను. ఒక్క పిట్ట కూత లేదు. 103 పట్టీ జారి మొదట్లో పడుంది. 107 బెరడు ముట్టుకుంటే ఊడొచ్చింది. చెక్కసుత్తితో కొడితే ఖాళీ డబ్బా మోత. 112ని భుజంతో నెట్టాను. అంత మానూ వదులైన పన్నులా కదిలింది. కింద వేళ్ళు కుళ్ళిపోయాయి. ఇరవైలో పద్నాలుగు ఇంతే.

మే 10
చెప్పాలి. చెప్పలేదు.

మే 13
అన్నకి పని దొరికింది. పైవాలు మీదుగా కొత్త దారి వేస్తారట. అన్న మేస్త్రీ, కింద ఎనిమిది మంది. వాళ్ళకి వంట వదినది. రేకుల షెడ్డు ఆ చెట్ల నీడలోనే. ఆ చెట్లు గట్టివని మేడమ్ ఉత్తరం కూడా రాసిచ్చిందట. తింటున్నవాణ్ణి లేచిపోయాను. కాళ్ళకి చక్రాలేమైనా కట్టుకు పుట్టావురా అని అన్న నవ్వాడు.

మే 14, ఉదయం
మేడమ్‌కి చెప్పేశాను. తిట్టలేదు. ఎన్ని వారాలు అంది. ఎనిమిది అన్నాను. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. మరి కింది వంద అంది. అవి నిజమే మేడమ్ అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది. పై ఆఫీసుకి ఫోన్ చేసింది. కొత్త కొలతలు పంపేదాకా పని ఆపలేమన్నారట. రేపు పొద్దున్నే తనే వచ్చి కొలుస్తానంది.

మే 14, మధ్యాహ్నం
షెడ్డు అప్పుడే లేచింది. వదిన పొయ్యి రాజేస్తోంది. చెట్లు కూలతాయి, దిగండి అని అరిచాను. సైంటిస్టు గారొచ్చారు, కుర్చీ వెయ్యండిరా అన్నాడొకడు. అందరూ పగలబడి నవ్వారు. బడికెళ్ళమంటే కడుపునొప్పి అనేవాడివి, ఇప్పుడు చెట్టునొప్పా అన్నాడు అన్న. నీ మాట నమ్మాలా, మేడమ్ రాసిచ్చింది నమ్మాలా అన్నాడు. ఆవిడ రాసింది నా దొంగ అంకెలు చూసే అన్నా అన్నాను.

అన్న నవ్వు ఆగింది. అయితే అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడా అని అడిగాడు. మేడమ్ రేపొస్తుందిగా, రేపే చూద్దాంలే అని గునపం అందుకున్నాడు. వదిన ఒక్కతే చెట్లకేసి చూసింది. నేను కిందికి దిగలేదు.

మే 15, పది గంటలు
మేడమ్ జీపు ఇంకా కనబడలేదు. షెడ్డులో వాళ్ళ మధ్యే కూర్చున్నాను. వాళ్ళు కదిలేదాకా నేనూ కదలను. గాలి లేదు. అయినా రేకుల మీద ఏదో రాలుతోంది. అన్న మొదటిసారి తల పైకెత్తాడు.