ఫ్యామిలీ రూంలో నాకు చోటు లేదు

తిరుపతి, 14-8-78

జ్ఞానాంబకు, పాపకు ఆశీస్సులు.

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు బస్టాండు దగ్గరి కొత్త హోటల్లో నన్ను ఫ్యామిలీ రూంలోంచి లేపేశారు. బయట ఖాళీ లేక లోపల కూర్చున్నాను. "ఆడోళ్ళు లేకుండా ఈడ కూర్చోకూడదు సామీ" అన్నాడు సర్వరు.

పక్క టేబులు దగ్గర మన ఎదురింటి మునిరామయ్య సంసారమంతా ఉంది. కూతుళ్ళిద్దరూ ఆయన ఆకులో అప్పడాలు లాక్కుంటున్నారు. "మా అత్త పక్కన కూర్చోప్పా, నిన్నెవురూ లేపరు" అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. భోంచేశానని అబద్ధం చెప్పి ఆకలితోనే వచ్చేశాను. పదహారేళ్ళుగా ఇతరుల అబద్ధాలు పత్రికలో బయటపెడుతున్నవాణ్ణి. ఆయన మీద అసూయ పుట్టింది, ఇంకా తగ్గలేదు.

పాప దగ్గు ఎలా ఉంది? నా కళ్ళజోడు పెట్టె అక్కడ ఉందేమో చూడు. కాన్పయిన మూడో నెలలో నిన్ను పంపుతామన్నారు మీవాళ్ళు, ఇది ఐదో నెల. మీ నాయన కూడా చదవాలనే కవరు కాకుండా కార్డు రాశాను. అత్తమ్మకు నమస్కారాలు.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పూతలపట్టులో బస్సు దిగుతాను. పదింటి బస్సుకు ముగ్గురం బయలుదేరాలి. పన్నెండున్నరకు ఫ్యామిలీ రూంలో టేబులు ఉంచమని ఆ సర్వరుకే చెప్పాను.

సుబ్రమణ్యం