మా గదిలో రెండో మంచం

అక్కా,

వచ్చే గురువారం ఓడ ఎక్కుతున్నాను. మూడు రోజులుగా సర్దుతున్నా పెట్టె మూత పడటం లేదు. నువ్వుంటే గంటలో సర్దేసేదానివి. ఓడ వెళ్ళే చోట రోజంతా వాన, ఎముకలు కొరికే చలి అట. ఉన్ని మేజోళ్ళు, వానకోటు, కడుపులో తిప్పితే వేసుకునే మాత్రలు పెట్టుకున్నాను. ఓడ మీద గాలికి గొడుగు నిలవదని టికెట్ల ఆఫీసు అమ్మాయి చెప్పింది.

ఒక్కసారైనా ఓడ ఎక్కుదామని ముందు అన్నది నువ్వే. ఆ రోజు మీ కోడలి ముందు, "ఆ మోకాళ్ళతో నువ్వు మెట్లెక్కేదెప్పుడు? నీకు కాపలా కాయడానికా నేనొచ్చేది?" అన్నాను. అందరితోపాటు నువ్వూ నవ్వావు. మర్నాడు ఫోన్ చేసి, "నేను రాలేనులేవే, నువ్వెళ్ళిరా" అన్నావు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే తప్పు ఒప్పుకోవాల్సి వస్తుందని నాకు తెలుసు.

నిన్న టికెట్ల ఆఫీసు అమ్మాయి, "ఓడలో మీ గదిలో రెండో మంచం ఇంకెవరికైనా ఇచ్చేయమంటారా?" అంది. "అది మా అక్కది" అన్నాను.

నీ మోకాళ్ళ గురించి ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది అక్కా. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. గురువారం పొద్దున కారు మీ వీధిలోంచే వెళ్తుంది. పెట్టె సర్దుకోకపోయినా ఫర్వాలేదు. నువ్వు గుమ్మంలో నిలబడు చాలు, నేనే దిగి వస్తాను.

నీ చెల్లి