కుండీలతో సహా పాతిన తోట

జూన్ 2, సోమవారం

ఈ నెలాఖరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. పందొమ్మిదిన హార్టికల్చర్ కాలేజీ డైరెక్టరు గారు మా కమ్యూనిటీ గార్డెన్ చూడటానికి వస్తారట. తోట బాగుంటే కాలేజీ వాళ్ళ పథకం ఉంటుంది, పథకం ఉంటే నేనుంటాను. ఏటా ఇదే పాట. వీధులు పట్టుకు తిరిగి జనానికి మొక్కలు పెంచడం నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఆయన ఇవాళ మళ్ళీ అడిగాడు. అడిగేవాళ్ళకు నా గురించి లెక్చరర్ అనే చెబుతాడు. కాళ్ళు లాగేస్తున్నాయి. మిగతాది రేపు రాస్తాను.

జూన్ 3

రాసే ఓపిక లేదు.

జూన్ 6, శుక్రవారం

నారంతా పోయింది! ఆస్పత్రి వెనక మా మడుల్లో వంగ, టమాటా, మిరప, ఒక్కటీ మిగల్లేదు. మొదళ్ళు కుళ్ళి వాలిపోయాయి. ఇన్ని నీళ్ళు పోసిందెవరని అడిగాను. ఎవరూ ఎక్కువ పోయలేదు. అదే అసలు గొడవ. మా తోట సభ్యుల్లో రిటైరైన బస్సు డ్రైవర్ బాబాయ్ వాకింగ్‌కి వెళ్తూ, పాపం ఎండిపోతున్నాయని ఒక బకెట్ పోశాడట. టైలరమ్మ షాపు తెరిచే ముందు ఇంకొకటి. నర్సక్క డ్యూటీ దిగాక మరొకటి. రోజూ! ఏ రోజు ఎవరి వంతో చెప్పే ఉంచాను. వంతు కానంత మాత్రాన చూస్తూ ఎలా ఊరుకుంటాం అంది నర్సక్క. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. మా వాళ్ళు ముగ్గురూ పోశారు.

మట్టిలో వేలు గుచ్చి, తడి తగిలితే పోయొద్దని ఎన్నిసార్లు చెప్పాను! గట్టిగానే తిట్టాను. తిడుతూ తిడుతూ నా ఉద్యోగం సంగతి కూడా నోరు జారాను. కాసేపటికి ముగ్గురూ తలలు దించుకున్నారు. నువ్వెళ్ళి పడుకో తల్లీ, మేం ఉన్నాం కదా అంది టైలరమ్మ. వీళ్ళున్నారనే కదా నా భయం.

జూన్ 16, సోమవారం

జ్వరం. వారం నుంచి తోట మొహం చూడలేదు. బాబాయ్ ఫోన్ చేసి, గురువారం వస్తే చాలమ్మాయ్, ఈలోగా ఇటు రాకు అన్నాడు. కొత్త నారు నాటారా అంటే, అన్నీ చూసుకుంటున్నాంలే అన్నాడు. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. ఆరా తీసే ఓపిక లేదు.

జూన్ 19, గురువారం, సాయంత్రం

జరిగింది మర్చిపోకముందే రాసేస్తున్నాను.

పొద్దున వెళ్ళేసరికి మడులన్నీ పచ్చగా ఉన్నాయి. టమాటాలు పండి వేలాడుతున్నాయి! వంగి చూస్తే ఎండుగడ్డి కింద ప్లాస్టిక్ కుండీ అంచు తగిలింది. నర్సరీ నుంచి కాపుకొచ్చిన మొక్కలు తెచ్చి, కుండీలతో సహా పాతేశారు మహానుభావులు. అంతలోనే కారు వచ్చింది.

ఎలా పెంచారని డైరెక్టరు గారు బాబాయిని అడిగారు. మట్టిలో వేలు గుచ్చి, తడి చూసుకుని, అవసరమైతేనే నీళ్ళు పోశామండీ అన్నాడు బాబాయ్. నా పాఠం, పొల్లు పోకుండా! టైలరమ్మ నారు కుళ్ళు గురించి ఉపన్యాసమే ఇచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సక్క కళ్ళతోనే బతిమాలింది. డైరెక్టరు గారి బూటు పక్కన ఒక కుండీ అంచు బయటపడి ఉంది. కాలితో గడ్డి దాని మీదికి తోశాను. సిగ్గేసింది. నా కోసం ఇంత మోసం చేసేవాళ్ళు ఉన్నందుకు సంతోషమూ వేసింది.

జూన్ 26, గురువారం

డైరెక్టరు గారు పిలిపించారు. తోట ఉంటుంది. నేనే ఉండను.

ఇంత బాగా నేర్చుకున్నవాళ్ళకి ఇంకా ట్రైనర్ ఎందుకమ్మా, ఒకటో తారీకు నుంచి సభ్యులే నడుపుకుంటారు అన్నారు. ఒక టీచరుకి ఇంతకంటే ఏం కావాలని నవ్వారు కూడా. కుండీల సంగతి చెబితే తోట కూడా పోతుంది. నేనూ నవ్వి బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పోనీలే, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో అన్నాడు మా ఆయన. కోపం తెచ్చుకోవడానికి కూడా శక్తి లేదు.

జూన్ 30, సోమవారం

ఉద్యోగం పోయిందని చెబుదామనే వెళ్ళాను. గేటు దగ్గరే ముగ్గురూ ఎదురొచ్చారు. చూశావా, నీ ఉద్యోగం నిలబెట్టాం అన్నాడు బాబాయ్. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. అవునన్నాను. రేపు ఎన్నింటికొస్తావని అడిగారు.

ఎప్పటిలాగే అన్నాను.