బాపు పొడుగు చేతుల చొక్కా

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. లాక్‌డౌన్‌తో నా కాలేజీ ఫోన్లోకి వచ్చింది. ఒంట్లో మంటను చల్లార్చే ఎంజైములు ఉంటాయనీ, నీకున్న సోరియాసిస్‌ లాంటి జబ్బులకు వాటినే మందుగా చేయాలని చూస్తున్నారనీ ఇవాళ మా సారు చెప్పారు.

పక్కనే అమ్మ నీ పొడుగు చేతుల చొక్కా కత్తిరించి మాస్కులు కుడుతోంది. నీ చర్మం చూస్తే తోటివాళ్లు దూరం జరుగుతారని, నువ్వు పనిచేసే మరమగ్గాల షెడ్డు వేడిలోనూ నువ్వు ఆ చొక్కా చేతులు మడిచేవాడివి కాదు. డుమస్ సముద్రపు ఒడ్డున మనం ముగ్గురమే ఉన్నప్పుడు మాత్రం మోచేతుల దాకా మడిచి, నాకు వేడి భజియా ఊది పెట్టేవాడివి.

“గా మందు ఎప్పుడొస్తదట బిడ్డా?” అని అడిగింది అమ్మ.

“ఇంకా టైం పడ్తదట.”

అమ్మ కత్తెర పక్కన పెట్టింది. చొక్కాకు మిగిలిన ఒక్క చేతిని మోచేతి దాకా మడిచి, పెట్టెలో దాచింది.